ముప్పాతిక ఓటు తక్కువ

నేను ఒక కమలాపండ్ల పెట్టెను. ఇప్పుడు నన్ను గాజు బీరువాలో కూర్చోబెట్టి, పైన దీపం వెలిగించి, కింద ఇత్తడి పలక మీద నా గురించి నాలుగు వాక్యాలు చెక్కించారు కాబట్టి, చూసినవాళ్లు నేనేదో రాజుగారి నగలపెట్టెననుకుంటారు. కాదు. పదిహేను కిలోల పండ్లు పట్టే మామూలు దేవదారు చెక్కపెట్టెను. ఆ నాలుగు వాక్యాల్లో మూడు అబద్ధాలు. నాలుగోది తేదీ.

జపాన్‌లో లోపలి సముద్రం ఒడ్డున కురహమ అనే ఊరు ఉంది. కొండవాలు మీద కమలాతోటలు, కింద బురదనేల తీరం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆడవాళ్లు గంపలు పట్టుకుని దిగి గుల్లలు ఏరుకునేవాళ్లు. ఆ ఊళ్లో ఉత్సుమి అనే ఇంటిపేరుగల ఒక రైతు నన్ను తయారుచేశాడు. పదహారు మేకులు కొట్టాడు, అందులో ఒకటి వంకరపోయింది. తర్వాత సరిచేస్తానన్నాడు. యుద్ధానికి పిలిచారు, వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆ మేకు ఇప్పటికీ వంకరే.

అతని భార్య పేరు తోమె. తోమె అంటే ‘ఇక ఆపు’ అని. వరసగా నాలుగో ఆడపిల్ల పుట్టేసరికి విసుగెత్తి పెట్టిన పేరు. పిలిచిన ప్రతిసారీ నువ్వు అక్కర్లేదని చెప్పినట్టుండే ఆ పేరంటే ఆమెకు చచ్చేంత సిగ్గు. ఆ సిగ్గు బయటపడే అవసరం కూడా రాలేదు. ఊరంతా ఆమెను ‘ఉత్సుమి వాళ్ల కోడలు’ అనేది. ఉత్సుమిలు ఊళ్లో రెండే ఇళ్లు. రెండోది ఆమె భర్త వేలువిడిచిన అన్న కన్‌జో ఇల్లు.

యుద్ధం ఓడిపోయాక, నలభయ్యారులో, ఆడవాళ్లకు కూడా ఓటు వచ్చింది. మీకైతే గుర్తు చూసి మీట నొక్కితే సరిపోతుంది. అక్కడ అలా కాదు. కాగితం మీద అభ్యర్థి పేరు సొంత చేత్తో రాయాలి. తోమె బడికి వెళ్లింది రెండేళ్లు, అదీ వీపున చెల్లెలి వరస పిల్లను కట్టుకుని. అక్షరాలు ఎప్పుడో మరిచిపోయింది.

అప్పుడు వచ్చాడు ఒకుహిరా. సన్నగా, చిరుగులు కుట్టుకున్న కోటులో, పార్లమెంటుకు నిలబడ్డ బడిపంతులు. యుద్ధం వద్దన్నందుకు జైల్లో ఉండొచ్చినవాడు. రేవు దగ్గర మాట్లాడబోతే పొట్టివాడు కావడంతో ఎవరికీ కనిపించలేదు. తోమె నాలోని పండ్లు చాపమీద కుమ్మరించి, నన్ను బోర్లించి ఆయన ముందు పెట్టింది.

నా వీపు మీద నిలబడి ఆయన అన్న మాట నాకు బాగా గుర్తు. “ఈ తీరం మీది. ఇందులో పిడికెడు బురద కూడా ఎవడికీ పోనివ్వను.”

దిగాక తోమె అడిగింది. “మాస్టారూ, తమ పేరెలా రాయాలండీ?”

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి నా పక్క చెక్క మీద నాలుగక్షరాలు రాశాడు. ఒ, కు, హి, రా. “ఈసారికి నా పేరు రాయండమ్మా. వచ్చేసారి మీ పేరే రాసుకుందురు గాని,” అన్నాడు. ఆ క్షణంలో అది మనస్ఫూర్తిగానే అన్నాడు, నా మీద నిలబడ్డవాళ్ల బరువు నాకు తెలియకపోదు.

సుద్ద చెరిగిపోతుందని తోమె వాటిమీద మేకుతో గీసింది. పది రోజులు నన్నే బల్లగా చేసుకుని, వాటిని చూస్తూ, చిత్తుకాగితాలమీద ఆ నాలుగక్షరాలు దిద్దింది. కొండమీది మంత్రసాని కినుయె వచ్చి పక్కన కూర్చునేది, ఆవిడ వెనక ఇంకో పదిమంది. ఆ ఎన్నికల్లో ఇద్దరి పేర్లు రాయొచ్చన్నారు. వాళ్లకొచ్చింది ఒక్కటే. అదే రాశారు, ఒకుహిరా గెలిచాడు. ఆ సాయంత్రం తోమె నన్ను ఆయనకే ఇచ్చేసింది. ఇంతకన్నా సంతోషంగా నేనెప్పుడూ ఎవరి చేతుల్లోంచీ ఎవరి చేతుల్లోకీ వెళ్లలేదు.

తర్వాతి తొమ్మిదేళ్లలో ఆయన మూడు పార్టీలు మారాడు. మారిన ప్రతిసారీ నన్ను వెంటబెట్టుకొచ్చి, నా మీద నిలబడే, ఎందుకు మారాల్సొచ్చిందో చెప్పేవాడు. ప్రతిసారీ దేశం కోసమే. యాభై అయిదులో రెండు పార్టీలు కలిసి ఒక పెద్ద పార్టీ అయింది, ఆయన అందులో కుదురుకున్నాడు. ఒకప్పుడు ఎవరిని తిట్టడానికి నా మీదికెక్కేవాడో, ఇప్పుడు వాళ్ల పక్కనే కూర్చుని ఫొటోలు దిగాడు. బరువు కూడా పెరిగాడు. అది నేను కచ్చితంగా చెప్పగలను. అక్కడ బడిపంతులునీ, పార్లమెంటు సభ్యుణ్ణీ ఒకే మాటతో పిలుస్తారు కాబట్టి ఊరివాళ్లకు ఆయన మాస్టారుగానే మిగిలాడు. మాట మారలేదు కదాని మనిషి మారలేదనుకున్నారు.

మైకులు బిగించిన కార్లు వచ్చాక నాతో పని తీరింది. నన్ను తీసుకెళ్లి ఆయన కార్యాలయం కిటికీలో పెట్టారు. మాస్టారి పేరిట అభిమాన సంఘం వెలిసింది. ఎవరింట్లో పెళ్లయినా, చావయినా సంఘం మనిషి ముందుండేవాడు. ఏడాదికోసారి ఊరి ఆడవాళ్లను బస్సెక్కించి వేడినీటి బుగ్గలకు తీసుకెళ్లేవాళ్లు. తోమె కూడా రెండుసార్లు వెళ్లింది, అబద్ధమెందుకు. తర్వాత ఆయన కొడుకు నిలబడ్డాడు. తండ్రి మీసం, తండ్రి గొంతు, తండ్రి ఓట్లు, అన్నీ కలిసొచ్చాయి. మొదటిరోజు కొత్త రబ్బరు బూట్లు తొడుక్కుని ఫొటో కోసం ఒక్క నిమిషం నా మీదికెక్కాడు. ఆ బూట్లకు మట్టంటే ఏమిటో తెలియదు.

అరవై ఏడులో కురహమ తీరాన్ని పూడ్చి కర్మాగారం కట్టాలన్నారు. తెచ్చింది ఒకుహిరా కొడుకు. ఒప్పుకోవాల్సింది పన్నెండుమంది ఉన్న ఊరి సభ. ఆ ఏడే సభకు ఎన్నికలు. గుల్లలు ఏరుకునే ఆడవాళ్లు తోమె ఇంట్లో కూర్చుని, నువ్వే నిలబడు అన్నారు. ఆమెకప్పుడు నలభై తొమ్మిదేళ్లు.

ఆమె తిన్నగా కార్యాలయానికి వచ్చి నన్ను ఇవ్వమని అడిగింది. కార్యదర్శి నిషిగుచి నడుము సగానికి వంచి నమస్కరించాడు. “అయ్యో, ఇది మీదే కదండీ ఉత్సుమి గారూ. తప్పకుండా తీసుకెళ్లండి. గట్టిగా పోరాడండి.” మెత్తటి గుడ్డతో నన్ను తుడిచి మరీ ఇచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. చెక్కపెట్టెను కదా, నా బుర్ర అంతవరకే.

నామినేషన్ల గడువు ముగియడానికి పది నిమిషాల ముందు ఆ నిషిగుచే కన్‌జోను వెంటబెట్టుకెళ్లి కాగితాలు వేయించాడు. రాజకీయమంటే ఏమిటో తెలియని, సభలో నిద్రపోవడానికి తప్ప పనికిరాని కన్‌జో. కానీ ఇంటిపేరు ఉత్సుమి.

అక్కడ ఒక లెక్క ఉంది. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు నిలబడితే, ఎవరైనా ఇంటిపేరు మాత్రమే రాస్తే, ఆ ఓటును పారెయ్యరు, ముక్కలు చేస్తారు. పూర్తి పేరుతో ఎవరికెన్ని పడ్డాయో చూసి, ఆ పాళ్లలో ఇద్దరికీ పంచుతారు. వినడానికి ఎంత ధర్మంగా ఉందో! సంఘం మనుషులు ఇల్లిల్లూ తిరిగి, ఉత్సుమి కన్‌జో అని పూర్తిగా రాయండి, అని చెప్పారు. తోమె మనుషులు నెల రోజుల నుంచీ ఉత్సుమి అనే మూడక్షరాలే దిద్దుతున్నారు. మీ తెలుగువాళ్లలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందొస్తుంది. ముసలి చేతులు అక్కడితో ఆగిపోతాయి.

కినుయె పరిగెత్తుకొచ్చింది. “ఒసే, తోమె అని కూడా రాయమని చెప్పవే! రెండక్షరాలేగా, నేర్చుకుంటాం. లేకపోతే మన ఓట్లు మనమే వాళ్లకు పోసినట్టవుతుంది.”

“ఆ పేరా? రేవులో, అందరి ముందా?” అంది తోమె.

“మరి నీకింకో పేరుందా?”

మర్నాడు ఉదయం రేవులో ఆమె నా మీదికెక్కింది. తడిసిన రబ్బరు బూట్లు, నలభై కిలోలుంటుందేమో. గుల్లల గురించి, పూడ్చిన నేల మళ్లీ నీళ్లు కావడం కుదరదని, ఒకప్పుడు ఇదే పెట్టె మీద నిలబడి ఒకాయన ఇచ్చిన మాట గురించి చెప్పింది. ఒకుహిరా కన్నా బాగా మాట్లాడింది. ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు టోపీలు తీశారు. చివరికి, “కాగితం మీద నా పేరు...” అని ఆగింది. ముందువరసలో కినుయె రెండు వేళ్లు చూపిస్తోంది. నేనూ నాలో నేను అరిచాను, చెప్పు తల్లీ, రెండక్షరాలు!

“ఉత్సుమి అని రాయండి,” అంది తోమె, గబుక్కున దిగిపోయింది.

ఆ వారమంతా అదే మాట. ప్రతిసారీ అక్కడిదాకా వచ్చి, అక్కడే దిగిపోయింది. ఆమె మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అంతకన్నా ఎక్కువ, ఆడపిల్లకు అలాంటి పేరు పెట్టినవాళ్ల మీద ఉంది.

ఓట్లు బడి హాల్లో లెక్కపెట్టారు. తోమె నన్ను తీసుకెళ్లి నా మీదే కూర్చుంది. పూర్తి పేరుతో ఆమెకు ముప్పై ఒకటి, అవి కినుయె బలవంతంగా దిద్దించినవి. కన్‌జోకు ఎనభై ఎనిమిది. ఉత్సుమి అని మాత్రమే ఉన్నవి నూట నలభై మూడు. గుమస్తా లెక్కల చట్రం మీద పూసలు జరిపి, అందులో ఆమె వాటా ముప్పై ఏడు పాయింటు రెండు అయిదు రెండు అని చదివాడు. మొత్తం అరవై ఎనిమిది ఓట్లు, పైన ఒక పాతిక ముక్క. చివరి స్థానంలో గెలిచినవాడికి అరవై తొమ్మిది. ముప్పాతిక ఓటు తక్కువ.

వంకర అక్షరాల ఆ నూట నలభై మూడు కాగితాలు ఎవరు రాశారో ఆ హాల్లో అందరికీ తెలుసు. వాటిలో నూటికి పైగా కన్‌జో పళ్లెంలో పడ్డాయి, అతను సులువుగా గెలిచాడు. నిషిగుచి వచ్చి మళ్లీ నడుము వంచాడు. “చాలా బాగా పోరాడారండీ,” అన్నాడు.

వసంతంలో సభ తీరం సంగతి తేల్చింది. అధ్యక్షుడు పోగా పదకొండుమందిలో సరే అన్నవాళ్లు ఆరుగురు, కాదన్నవాళ్లు అయిదుగురు. ఆ ఆరుగురిలో అరవై తొమ్మిది ఓట్లవాడు ఒకడు. అతని కుర్చీలో తోమె కూర్చుని ఉంటే తీరం మిగిలేది. ‘ఆపు’ అని పేరున్న మనిషి ఒక్కతే ఆపగలిగి ఉండేది.

లారీలు రాళ్లు దింపడం మొదలుపెట్టిన రోజు ఆమె నన్ను పెరట్లో బోర్లించింది. మేకు తీసుకుని, నా వీపు మీద, అందరూ పాదాలు మోపిన చోట, రెండక్షరాలు చెక్కింది. తో. మె. ఎంత లోతుగా అంటే, చెక్క చీలిపోతుందేమోనని భయపడ్డాను. అప్పుడు గాని ఆమె ఏడవలేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఆమె ఇంట్లో కొడవళ్లు, కత్తెరలు మోశాను. కర్మాగారం వచ్చింది, కొన్నాళ్లు నడిచింది, మూతపడింది. నేల మాత్రం అలాగే ఉంది, చుట్టూ ఇనుపకంచె. తోమె వృద్ధాశ్రమానికి వెళ్లేటప్పుడు ఒకుహిరా మనవడి మనుషులు నాకోసం వచ్చారు. మనవడు కూడా సభ్యుడేనని వేరే చెప్పాలా?

“తీసుకెళ్లండి. కానీ అడుగున రాసిందీ జనానికి కనపడాలి,” అంది తోమె. తప్పకుండా అన్నారు. నడుము కూడా వంచారు.

తీరా ఇక్కడ, ఒకుహిరా స్మారక మందిరంలో, నన్ను వెల్లకిలా పెట్టి మైనపు కమలాపండ్లు నింపారు. ఒకుహిరా పేరు ముందుకు. నా వీపు నేలకు. ఇత్తడి పలక ఏమంటుందంటే: “ఈ పెట్టెను మాస్టారు స్వయంగా తయారుచేసుకున్నారు. దీనిపై నిలబడి ఈ ప్రాంతపు ప్రజలకు ప్రజాస్వామ్యం నేర్పారు. తీరాన్ని అభివృద్ధి చేస్తానన్న మాట నిలబెట్టుకున్నారు.” కింద తేదీ.

మొన్న ఆశ్రమం బస్సు వచ్చింది. చక్రాల కుర్చీలో తోమె, తొంభై రెండేళ్లు. పలకను గొణుక్కుంటూ మొత్తం చదివింది. చదవడం నేర్చుకున్నది నా మీదే కదా. వంకర మేకువైపు చాలాసేపు చూసింది.

“అమ్మాయ్, దీన్నోసారి బోర్లించు. అడుగున చూడాలి.”

నీలం కోటు వేసుకున్న మందిరం అమ్మాయి వంగి నవ్వింది. “క్షమించండి బామ్మగారూ, వస్తువుల్ని కదపకూడదండి. కావాలంటే ఇందులో పేరు రాయండి, వచ్చినవాళ్లందరూ రాస్తారు.”

పుస్తకం ఒళ్లో పెట్టించుకుని తోమె కలం పట్టుకుంది. మూడు రాసి ఆగలేదు. అయిదూ రాసింది. చివరి రెండూ కాస్త పెద్దవిగా, నాకు కూడా కనిపించేటట్టు.

అమ్మాయి పుస్తకం అందుకుని చూసి, “చాలా సంతోషమండీ ఉత్సుమి గారూ. బస్సు బయల్దేరుతోంది, వెళ్దామా ఉత్సుమి గారూ?” అంది.

తోమె తల తిప్పి ఆ అమ్మాయి మొహంలోకి చూసింది.

“ఏ ఉత్సుమి?” అంది.

ఆ గదిలో ఇంకో ఉత్సుమి లేరు. ముసలావిడ మతిమరుపనుకుని అమ్మాయి మళ్లీ నవ్వి, పుస్తకం మూసేసి, కుర్చీ తోసుకుంటూ బయటికి తీసుకెళ్లింది.