రాగ్నా కేక

వోస్ కొండల్లో ఇంట్లో బీరు కాచుకునే ప్రతివాడికీ ఒక సంగతి తెలుసు. మొలకెత్తించిన బార్లీతో తీసిన మాల్టు రసంలో, అది పులియడానికి ఈస్ట్ తోడు వేసేటప్పుడు గొంతు చించుకుని కేక పెట్టాలి. కేకలో ఎంత సత్తువుంటే బీరులో అంత సత్తువ. ఒడ్వార్ కేకకి ఎదురుకొండ మీద మేకలు తలెత్తేవి. పన్నెండేళ్లుగా ఊరి బీరు పండగలో మొదటి బహుమతి చెక్కగిన్నె అతనిదే. ఆ గిన్నెని తుడిచినంత ముద్దుగా పెళ్లాన్ని ఏనాడూ పలకరించిన పాపాన పోలేదు.

ఈ ఏడు పండగ నాలుగు రోజులుందనగా, సరిగ్గా తోడు వేసే పూట, అతనికి జలుబు చేసి గొంతు పోయింది. మాల్టు రసం పీపాలో గోరువెచ్చగా సిద్ధంగా ఉంది. తాతల నాటి తోడు గిన్నెలో నురగలు కక్కుతోంది. ఒడ్వార్ నోరు తెరిస్తే పిల్లి తుమ్మినట్టుంది.

పక్కింటి నిల్స్ కంచె మీంచి తొంగిచూశాడు. "ఏం బావా, తోడుతో గుసగుసలాడుతున్నావా? ఈసారి చెక్కగిన్నె మా ఇంటికొచ్చేట్టుందే."

ఒడ్వార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి జలుబు నీళ్లు కావు.

అతని భార్య రాగ్నా తోడు గిన్నె లాక్కుంది. "తప్పుకో. నే పెడతా కేక."

"ఏమని?" గాలిగొంతుతో అడిగాడు.

"ముప్పయ్యేళ్లుగా మింగిందంతా."

తోడు పోస్తూ మొదలెట్టింది. బురద బూట్లతో కంబళి తొక్కడం, తన తల్లి వస్తే అతను పశువుల పాకలో దాక్కోవడం, పెళ్లిరోజు మర్చిపోయి ఆవు ఈనిన రోజు మాత్రం గుర్తుపెట్టుకోవడం, ఒక్కటీ వదల్లేదు. నిల్స్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మేకలు కొండెక్కిపోయాయి.

పండగలో రుచి చూసే ముగ్గురు పెద్దలూ రెండో గుటకకే బల్ల మీద కూలబడ్డారు. చెక్కగిన్నె అందిస్తే ఒడ్వార్ సిగ్గుపడి భార్యని ముందుకి తోశాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆనాటి నుంచి ఒడ్వార్ ఇంట్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని మసిలాడు.

మళ్లీ ఏడాది తోడు వేసే పూట వచ్చింది. గొంతు బాగానే ఉన్నా, ఒడ్వార్ తోడు గిన్నె తీసుకెళ్లి రాగ్నాకే ఇచ్చాడు.

ఆమె తిరిగి ఇచ్చేసింది. "ఏమని పెట్టనయ్యా? ఏడాదంతా బుద్ధిగానే ఉంటివి. కోపమే రావట్లేదు."

కంచె అవతల నిల్స్ గొంతు సవరించుకుంటున్నాడు. ఒడ్వార్ ఒక్క క్షణం ఆలోచించాడు. పాకలోకి వెళ్లి, మోకాళ్ల దాకా బురద పూసుకుని, ఆమె అప్పుడే ఉతికి పరిచిన కంబళి మీద బూట్లతోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మీ అమ్మ ఎప్పుడొస్తోంది? పాక సర్దుకోవాలి," అన్నాడు.

రాగ్నా తోడు గిన్నె అందుకుంది. మేకలు అప్పటికే కొండెక్కుతున్నాయి.