గుప్పెడంటే ఎన్ని గ్రాములు

“గుప్పెడంటే ఎన్ని గ్రాములు మేడమ్?” అని అడిగాడు కొత్త చెఫ్.

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. గుప్పెడంటే గుప్పెడే కదయ్యా, అని నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా మా ఆయన, ఆయన పక్కన కొత్త పార్ట్‌నర్ నిలబడి ఉన్నారు. పార్ట్‌నర్ సూటుకి ఎక్కడ మరక అంటుకుంటుందోనని చేతులు కట్టుకుని, దేనికీ తగలకుండా ఉన్నాడు. స్టీలు బల్ల మీద చిన్న తూకం మిషను, దాని పక్కన ఇరవై రెండు ఖాళీ కార్డులు. ఎల్లుండి మేము తెరవబోయే నాలుగో రెస్టారెంటులో ఇరవై రెండు వంటకాలు ఉంటాయి. నేను వేసే ప్రతిదాన్నీ ఈ చెఫ్ తూచి కార్డు మీద రాసుకుంటాడు. ఆ తర్వాత ఆ కార్డు చూసి ఎవరైనా వండొచ్చు. ‘ఎవరైనా’ అన్న మాట పార్ట్‌నర్‌ది. అంటూ నా వైపు చూసి నవ్వాడు కూడా, నాకేదో బహుమతి ఇస్తున్నట్టు.

“ఇవి పూర్తయితే నీకిక విశ్రాంతే,” అన్నాడు మా ఆయన. “హాయిగా ఇంట్లో ఉండొచ్చు. అమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, తోడు కూడా ఉన్నట్టుంటుంది.”

ఇదీ నా విశ్రాంతి. ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి.

నెల క్రితం ఆయన్ని ఒకే ఒక్కటి అడిగాను. పన్నెండేళ్లుగా మూడు రెస్టారెంట్లలో వండాను, ఈ నాలుగోదాంట్లో అయినా నన్ను వంటమనిషిగా పెట్టుకోండి, అందరికీ ఇచ్చినట్టే నాకూ జీతమివ్వండి, బోర్డు మీద వద్దు, పనివాళ్ల జాబితాలో నా పేరు రాయండి చాలు అన్నాను. ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, “మొగుడి దగ్గర పెళ్లాం జీతం తీసుకుంటుందా? నలుగురూ వింటే నా ముఖాన ఉమ్మేస్తారు” అన్నాడు. హాల్లో కూర్చున్న అత్తయ్య అక్కణ్ణుంచే అందుకుంది. “ఇంటి మనిషికి జీతమేంటమ్మాయ్? నేనేమైనా తీసుకున్నానా?” నిజమే, ఆవిడా తీసుకోలేదు. నలభై ఏళ్లు ఆవిడ చేసిన గొడ్డుచాకిరీకి దక్కిందల్లా నన్ను ఆ మాట అనగలగడమే. అది తలుచుకుంటే ఆవిడ మీద కోపం కూడా సరిగ్గా రాదు నాకు.

“ఊఁ, ఉప్పు వెయ్యి,” అన్నాడు మా ఆయన.

మొదటి కార్డు మిరియాల చేపది. కత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, డబ్బాలోంచి గుప్పెడు తీసి మిషను మీది గిన్నెలో పోశాను. నలభై ఒక్క గ్రాములు. “ఇంకోసారి మేడమ్, ఖాయం చేసుకోవడానికి.” యాభై ఆరు. చెఫ్ తల గోక్కుని మళ్లీ వెయ్యమన్నాడు. ముప్ఫై ఎనిమిది.

“మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది సార్,” అన్నాడు.

రాదా మరి? చేప లేదు, చట్టి లేదు, పొయ్యి మీద ఏమీ లేదు, ఉత్త గిన్నెలోకి ఉప్పు వెయ్యమంటే నా చేతికి మాత్రం ఏం తెలుస్తుంది! “చేప ఏదో చూడకుండా ఉప్పెలా వేస్తాం బాబూ? మంచులో రెండు రోజులున్నదానికి ఒకలా, పొద్దున్న వచ్చినదానికి ఇంకోలా వెయ్యాలి కదా,” అన్నాను. చెఫ్ పెన్ను ఆగింది. వండే చెయ్యి కాబట్టి అతనికి అర్థమైందని ముఖం చూస్తేనే తెలిసింది. పార్ట్‌నర్ మాత్రం వాచీ చూసుకుని, “సగటు రాసేయండి” అన్నాడు.

అప్పుడన్నాడు మా ఆయన, నవ్వుతూ, పార్ట్‌నర్ భుజం మీద చెయ్యేసి: “చూశారా? నేను చెప్తే మీరు నమ్మలేదు. ఈవిడకి ఒక పద్ధతంటూ ఉండదు. ఆ మూడూ మూతపడింది ఇందుకే.”

ఒళ్లు మండిపోయింది నాకు. ఆ మూడూ ఎందుకు మూతపడ్డాయో నాకు తెలియదా! మొదటిది స్టేషను ఎదురుగా ఉండేది, అత్తయ్య పేరు పెట్టాం. మధ్యాహ్నం కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. బిల్డింగు యజమాని కారు మా గుమ్మానికి అడ్డంగా పెట్టాడని ఈయన గొడవకి దిగి, మాటా మాటా పెరిగి, ఆ పెద్దాయన కాలరు పట్టుకున్నాడు. నెల తిరక్కుండా ఖాళీ చేయించారు. రెండోదానికి మా అబ్బాయి పేరు. చుట్టూ ఆఫీసులు, అందరూ గబగబా తిని వెళ్లేవాళ్లే. వాళ్లకి ఫౌంటెన్ కావాలని ఎవరు చెప్పారో, మేడ మీద హాలు మధ్యలో ఫౌంటెన్ కట్టించాడు. మూడో నెలలో అది కింది బట్టల షాపు మీదికి కారింది. ఇక మూడోదాని పేరు ఏదో ఇంగ్లీషు మాట, ఈయనే దాన్ని రెండుసార్లు ఒకేలా పలికేవాడు కాదు. నూట నలభై వంటకాలతో, రంగు ఫొటోలతో మెనూ అచ్చు వేయించాడు. ముప్ఫై చాలండీ, లోపల ఉన్నవి నాలుగు పొయ్యిలే అని మొత్తుకున్నాను. “నువ్వు లోపలుండేదానివి, బయట సంగతి నీకేం తెలుసు?” అన్నాడు. బయట జనం గంటల కొద్దీ కూర్చుని, విసుక్కుని, చివరికి రావడమే మానేశారు.

తెరిచిన ప్రతిసారీ ఈయన ఫొటో పేపర్లో పడింది. రిబ్బను ఎవరు కత్తిరించారో నేను ఒక్కసారీ చూడలేదు. చప్పట్లు వినిపిస్తే, ఓహో, కత్తిరించారు కాబోలు, ఇక మొదటి ఆర్డరు వస్తుంది అని మూకుడు వేడి చేసేదాన్ని. మూసిన ప్రతిసారీ ఈయన మూడు రోజులు దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాడు. పలకరించడానికి స్నేహితులొచ్చేవాళ్లు. “పాపం, మనిషి బాగా కుంగిపోయాడు, జాగ్రత్తగా చూసుకోమ్మా,” అని నాకే చెప్పి, నేనిచ్చిన టీ తాగి వెళ్లేవాళ్లు. నేను వెళ్లి ఫ్రిజ్‌లు ఖాళీ చేసి, పొగగొట్టానికి పట్టిన జిడ్డు గీకి, గోడలు కడిగి, తాళాలు అప్పజెప్పి వచ్చేదాన్ని. తెరిచేది ఆయన, మూసేది నేను.

నాకు తోడుగా జిడ్డు గీకింది గిన్నెల పిన్ని. మూడు చోట్లా మా దగ్గర అంట్లు తోమిన మనిషి, పనివాళ్లందరికీ ఆ పేరుతోనే తెలుసు. మూడోది మూసిన రోజున, మోచేతుల దాకా సబ్బు నురగతో, “అమ్మాయ్, నీ మొగుడు మంచం దిగేలోపు నువ్వో ఉద్యోగం చూసుకోవే,” అంది. నవ్వేశాను. తను మాత్రం వెంటనే ఒక ఆసుపత్రి క్యాంటీన్లో చేరిపోయింది. పోయిన వారం ఫోన్ చేసింది. వాళ్ల వంటావిడ మానేస్తోందట. అక్కడి మేనేజరమ్మ మా ఫౌంటెన్ హోటల్లో మిరియాల చేప తిన్నదట, ఇప్పటికీ గుర్తుందట. “ఒక్కపూట వచ్చి వండి చూపించు చాలు. జీతం ఉంది, వారానికో సెలవుంది. సెలవంటే నిజం సెలవేనే తల్లీ! మొదటి వారం నాకేం చెయ్యాలో తోచక ఇంట్లో తోమిన గిన్నెలే మళ్లీ తోమాను.” చూస్తాలే పిన్నీ అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. నాలుగోదైనా నాది అవుతుందని ఆశ, అంతే. సిగ్గులేని ఆశ. ఈ సాయంత్రంలోపు చెప్పకపోతే వేరే వాళ్లని పెట్టుకుంటారట.

బల్ల చివర అచ్చయి వచ్చిన కొత్త మెనూ ఉంది. దాని మీద ‘మా కుటుంబం మూడు తరాలుగా దాచుకున్న రుచి’ అని రాసి ఉంది. మూడు తరాలట! మిరియాల చేప పుట్టి పదేళ్లు. స్టేషను ఎదురుగా ఉన్నప్పుడు, కారం నిండుకున్న ఒక మధ్యాహ్నం, బయట పదిమంది ఆకలితో కూర్చుంటే, చేతికందిన మిరియాలు దంచి వేశాను. పక్కన గిన్నెల పిన్ని తప్ప తరాలూ లేవు, కుటుంబమూ లేదు.

“ఫౌంటెన్ కారింది కూడా నా చేతి వల్లేనా అండీ?” అని అడిగాను.

గొంతు పెద్దది చెయ్యలేదు.

“ఫౌంటెనా? ఏ ఫౌంటెన్?” అన్నాడు పార్ట్‌నర్, చేతులు విప్పి.

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఇంటికెళ్లాక మాట్లాడదాం,” అన్నాడు పళ్ల మధ్యనుంచి. పన్నెండేళ్లుగా ఇదే మాట. ఇంటికెళ్లాక అంటాడు, ఇంటికెళ్లాక అలిసిపోయానంటాడు. ఆయన అలసట నేను చూశాను, ఒళ్లు పట్టాను, వేణ్ణీళ్లు పెట్టాను. నా అలసట గురించి ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడలేదు.

చేతులు కడుక్కున్నాను. ఏప్రన్ విప్పి, మడతపెట్టి, తూకం మిషను మీద పెట్టాను. అది ఏదో అంకె చూపించింది, నేను చూడలేదు.

“మేడమ్, మిగతా కార్డులు...” అన్నాడు చెఫ్ నెమ్మదిగా.

“ఆ మూడు అంకెలూ సరైనవే బాబూ. ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పడానికే మనిషి కావాలి,” అన్నాను.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. “పిన్నీ, రేపు పొద్దున్నే వస్తున్నాను. చేప తెప్పించి ఉంచమను.” అవతల పిన్ని కేక గదంతా వినిపించింది.

“ఎల్లుండి ఓపెనింగ్ పెట్టుకుని రేపెక్కడికి?” అన్నాడు మా ఆయన. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. ఒకప్పుడైతే ఆ భయానికే కరిగిపోయేదాన్ని.

“ఓపెనింగులెప్పుడూ మీవేగా, మీరు చూసుకోండి,” అన్నాను ఉప్పు డబ్బాకి మూత పెడుతూ. “మూసే పని కదా నాది. ఈసారి రెండు రోజుల ముందే చేసేశాను.”