నీడ కదలని ఏడు రోజులు

పద్నాలుగో విల్లా పైకప్పు కూలిన పొద్దున మా మేనేజర్ చక్రపాణి అడిగిన మొదటి మాట "ఊపిరుందా?" అని కాదు. "ఫొటోలున్నాయా?" అని.

ఫొటోలున్నాయి. తీసింది నేనే. స్లాబు కింద ఉన్నది హన్మాండ్లు, ఆర్మూరు వైపు తాపీమేస్త్రీ. అతన్ని తీయడానికి పెచ్చులు ఎత్తుతుంటే కాంక్రీటు నా పిడికిట్లో అటుకుల్లా నలిగింది. ముందు చెయ్యి దొరికింది. తర్వాత మనిషి. పక్క విల్లా దగ్గర కాంక్రీటు లారీ డ్రమ్ము తిరుగుతూనే ఉంది. "అది గట్టిపడితే బాధ్యత ఎవడిది? పొయ్యండి!" అన్నాడు మేనేజర్. హన్మాండ్లు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, అవే చేతులతో పక్క స్లాబు పోశాం.

కార్మికులారా, చదువుకుంటున్న తమ్ముళ్లారా, ఇందులో నా పాలు ఎంతో ముందే చెప్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సౌదీలో, దమ్మామ్ బయట ఎడారిలో ఐదు నెలల్లో అరవై విల్లాలు లేపే ఆ సైట్లో రికార్డు రాయడం నా పని. ఆ ఎండలో పోసిన స్లాబును వారం రోజులు గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. లేకపోతే బలం రాక పొడిపొడి అవుతుంది. బడి మొహం చూడని హన్మాండ్లుకూ ఇది తెలుసు. కానీ నీళ్ల ట్యాంకర్ స్లాబుల దగ్గరికి వచ్చేది కాదు. కొనేవాళ్లకు చూపించే నమూనా విల్లా ముందు పచ్చగడ్డికి పోయేది.

అందుకని స్లాబును ఒక్కసారి తడిపి, పది నిమిషాల్లో ఏడు రోజుల ఫొటోలు తీసేవాళ్లం. హన్మాండ్లు బోర్డు పట్టుకుని నిలబడితే, నేను తేదీ, టైమూ తుడిచి ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం అని మరో తేదీ, మరో టైమూ రాసేవాణ్ణి. చెప్పింది మేనేజర్. అనుమానం రాకుండా ఫొటోకో అంగీ మార్చాలన్న తెలివి మాత్రం నాదే.

"ఏం గంగన్నా, నా పెండ్లిల గూడ గిన్ని అంగీలు తొడగలే," అని నన్ను చూసి నవ్వేవాడు హన్మాండ్లు. అందరం నవ్వేవాళ్లం.

అతను చనిపోయిన సాయంత్రమే లాల్ అహ్మద్‌ను పోలీసులు తీసుకెళ్లారు. కడప మనిషి, సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబు కింద ఆసరాగా రెండు వారాలు ఉంచాల్సిన సెంట్రింగ్ చెక్కలను ఎనిమిదో రోజే విప్పాడని నేరం. విప్పమని ఫోన్లో చెప్పింది మేనేజరే.

శుక్రవారం భోజనాల హాల్లో మేనేజర్ అందరికీ తలా ఒక కాగితం పంచాడు.

"నేనూ తెలుగువాణ్ణే. మీ మంచికే చెప్తున్నా. లాల్ అహ్మద్ తన ఇష్టానికి విప్పాడని సంతకాలు పెట్టండి. స్లాబు తడిపినట్టు ఫొటోలున్నాయి. పెట్టనోడికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తా. గంటలో వస్తా."

అతను వెళ్లగానే లాల్ అహ్మద్ గదిలో ఉండే జావీద్ లేచాడు. "ఫోనొచ్చినప్పుడు నేను పక్కనే ఉండానప్పా. 'వద్దు సార్, ఇంకా పచ్చిగుంది' అని మూడుసార్లు చెప్పినాడు."

"జెప్పిండు, అయినా ఇప్పిండు గదా!" అన్నాడొకడు.

"నువ్వు స్లాబు పొయ్యలేదా, పీనుగ పక్కనే?" అన్నాడు జావీద్.

"పోయినోడు పోయిండు. ఉన్నోళ్లం బతకొద్దా?" అంది వెనక నుంచి ఒక గొంతు.

రాడ్లు వంచే దేవన్న, మా అందరిలో పెద్దవాడు, బల్ల మీద చరిచాడు. "ఎట్ల బతుకుతవ్ రా? రేపు ముప్పై ఒకటో విల్లా సెంట్రింగ్ ఇప్పాలె. గా స్లాబు కింద ఎవడు నిలబడ్తడో చెయ్యెత్తుండ్రి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. నేను లేచాను. ఫోన్ తీసి ఆ ఏడు ఫొటోలూ చూపించాను.

"అంగీలు మార్పించిన, దేవన్నా. నీడ మార్చలే."

ఏడు తేదీలు, ఏడు టైములు, ఏడు అంగీలు. హన్మాండ్లు నీడ మాత్రం ఏడింటిలోనూ ఒకే ఇనుప చువ్వను తాకి ఆగింది. వేలెడు కూడా కదల్లేదు.

దేవన్న ఏడూ చూశాడు. నా చెంప మీద ఒక్కటిచ్చాడు.

"గిది జెప్పనీకె ఒక పానం పోవాల్నా? సదువుకున్నోనివని బోర్డు నీ చేతికిచ్చినం గదరా!" తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అందరికి పంపు."

మేనేజర్ తిరిగొచ్చేసరికి ఎనభై కాగితాల్లో ఒక్కదాని మీదా సంతకం లేదు.

"మీ లీడర్ ఎవడ్రా?"

"హన్మాండ్లు," అన్నాడు దేవన్న. "పిలుసుకో."

మర్నాడు సెంట్రింగ్ విప్పడానికి ఎవరూ పోలేదు. పొద్దున ఆరింటికే ముప్పై ఒకటో విల్లా ముందు ఇసుకలో అందరం వరసగా నిలబడ్డాం. బోర్డు మీద నిజం తేదీ రాశాను. దాని కింద: 'ఈ స్లాబుకు నీళ్లు పెట్టలేదు.' గంటకో మనిషి బోర్డు పట్టుకున్నాడు. గంటగంటకూ ఫొటో తీశాం. పాతవీ కొత్తవీ కలిపి లాల్ అహ్మద్ కేసు చూసే పోలీసు అధికారికి పంపాను. విల్లాలు కొన్న కుటుంబాల నంబర్లు నా రికార్డులోనే ఉన్నాయి. వాళ్లకూ పంపాను.

పదకొండున్నరకు పోలీసు బండి వచ్చింది. మేనేజర్ వేలు నా వైపు చూపించాడు. "దొంగ ఫొటోలు తీసింది వీడే."

"నేనే తీశాను. ఎవరు తీయమన్నారో అదీ రాసుకోండి," అన్నాను.

నన్ను తోసుకుంటూ తీసుకెళ్తుంటే దేవన్న అరిచాడు. "లాల్ అహ్మద్ కాడికే గద పోతున్నవ్? ఎవ్వడు సంతకం పెట్టలేదని జెప్పు!"

బండి కిటికీలోంచి చూశాను. బోర్డు జావీద్ చేతికి మారింది. ఎవరి అంగీ వాళ్ల ఒంటి మీదే ఉంది. పొద్దున పడమటికి పొడుగ్గా పడిన నీడలు ఇప్పుడు పాదాల దగ్గరికి వచ్చాయి. ఎనభై ఫోన్లు వాటిని ఫొటో తీస్తున్నాయి.