ఎదురునడక

విత్తనం వేసే గొర్రు తగిలించిన ఎద్దులు వీధి మలుపు తిరిగేసరికి, పెరటి దారిన వీధిలోకి వచ్చిన సుగుణమ్మ ఎదురుగా నడిచి వస్తూ ఉంది. తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, అడుగు చూసుకుని అడుగు వేస్తోంది. కాళ్లకు చనిపోయిన మొగుడి చెప్పులు.

విత్తనాల మూట భుజాన వేసుకుని ముందు నడుస్తున్న ఆమె మరిది ఆదినారాయణ నిలబడిపోయాడు. పగ్గాలు లాగి జీతగాడు ఓబయ్య కూడా ఎద్దుల్ని ఆపాడు.

ఇరవై రోజులు మొహం చాటేసిన వాన రాత్రే కురిసింది. ఎర్రచేలో విత్తే పదును రెండు పూటలకు మించి నిలవదు.

"ఈ పొద్దు విత్తనమని తెలీదా వదినా?"

"తెలుసప్పా."

"తెలిసీ ఎదురొస్తివా?"

మొగుడు పోయిన ఆరేళ్లుగా ఆమె వెనక వసారాలో కూర్చునే ఉంది. వేరుశెనగ కాయ ఒలవడం, పప్పు చెరగడం, చింతపండు గింజ తీయడం, అన్నీ కూర్చుని చేసే పనులే ఆమె వంతుకు వచ్చాయి. వాటికి కూలిమనిషిని పెడితే రోజుకు ఎనిమిదణాలు ఇవ్వాలి. బావికి పోతే ఎవరికో ఎదురవుతుంది, చేనికి పోతే ఇంకెవరికో. ఆమెను ఎవరూ కట్టెయ్యలేదు. కూర్చోమన్నారు, అంతే. ఒళ్లు బరువెక్కింది. పాదాలు మొదట మండాయి, తర్వాత మొద్దుబారాయి. చక్కెర జబ్బని తేల్చిన నంద్యాల డాక్టరు, మందుతోపాటు ఎండెక్కక ముందు రోజూ రెండు మైళ్లు నడవమన్నాడు. లేకపోతే మంచాన పడతావన్నాడు. ఆమె తల్లి అదే జబ్బుతో మూడేళ్లు మంచాన ఉండి పోయింది. ఆ మంచం గుడ్డలు ఉతికింది సుగుణమ్మే.

పెరట్లో తిరగమంది తోటికోడలు శివమ్మ. పెరడు ముప్పై అడుగులు. "గానుగెద్దునా నేను?" అంటూనే తిరిగింది. నాలుగోనాడు కళ్లు తిరిగి కుడితితొట్టి మీద పడింది. జనం చేలకు పోయాక పొమ్మంటే పదిగంటల ఎండలో పోయి శిరివెళ్ల రోడ్డు పక్కన కూలబడింది. మొన్న అరికాల్లో తుమ్మముల్లు విరిగితే ఆమెకు తెలియనేలేదు. గడప మీద నెత్తురు చూసి శివమ్మ చెప్పింది. ఆ రోజే పెట్టె తెరిచి ఈ చెప్పులు తీసింది.

"ఆ సందులో నిలబడు. మేం దాటినాక వద్దువు," అన్నాడు ఆదినారాయణ.

"మొన్న రామయ్య బండికి నిలబడితి. నిన్న జయరాజు ఎనుములకు నిలబడితి. పొద్దున్నే ఎవురో ఒకరు పోతానే ఉంటారు. సందుల్లోనే నిలబడితే నేను నడిచేదెప్పుడు?"

పక్కింటి అరుగు మీంచి రామేశ్వరమ్మ నవ్వింది. "మగోని చెప్పులేసుకోని యాడికి పోతాండావ్ సుగుణమ్మా, కచేరీకా?"

"నేను మంచాన పడితే నువ్వొచ్చి గుడ్డలుతుకుతావా?"

రామేశ్వరమ్మ మూతి బిగిసింది.

"పోయినేడు కాయ పట్టకనే పాయె," అన్నాడు ఆదినారాయణ. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. "ఈ తూరి గూడా పోతే పిల్లోళ్లకు ఏం పెట్టాల?"

"పోయినేడు నేను వసారాలోనే కూచోనుంటి గదప్పా. ఎవురెదురొస్తే పాయె?"

ఆదినారాయణ భుజాన మూట సర్దుకున్నాడు.

"ఆ మూటలో గింజలన్నీ నా చేతులు ఒలిచినవే. చేతులు పనికొచ్చె, మొగం పనికిరాకపాయెనా?"

"ఓబయ్యా, తిప్పు ఎద్దుల్ని! ఇంటికి పోయి కాళ్లు కడుక్కోని మళ్లా వద్దాం."

"పొద్దెక్కుతాండాదన్నా. పదును పోతాది."

"ఈమె లోపలికి పోకుండా యాడ కదిలేది!"

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. శివమ్మ పరుగున వచ్చి వీధి మధ్యలో ఆగిపోయింది. అందరి చూపులూ ఒక్క మనిషి మీదే. ఆమె వెనక్కి తిరిగితే విత్తనం కదులుతుంది. ఆరేళ్లుగా ఆ ఇంటి అన్నమే తింటోంది.

"తిరుక్కో వదినా. నీకు దండం పెడతా."

"తిరుక్కోనప్పా," అంది ఆమె, మెల్లగా. "రేపూ ఇదే పొద్దుకు వస్తా."

గోడవారగా, ఎద్దుల డొక్కలు భుజానికి తగులుతుండగా, గొర్రును దాటి ముందుకు పోయింది. శిరివెళ్ల రోడ్డుకు ఇంకా అర మైలుంది. ఆమె వెనక ఎద్దుల మెడగంటలు చేనివైపూ మోగలేదు, ఇంటివైపూ మోగలేదు.