తడి నేల తప్పు

మా అత్తగారి నోరు ఊరికే ఉండదు. స్ట్రెచర్ మీద పడుకుని కూడా, "నేల తడిగా వదిలేసి డ్యూటీకి పరిగెత్తింది మహాతల్లి. నా తొడ విరగ్గొట్టింది," అని నర్సుకి చెబుతోంది. మా ఆయన నా మొహం చూడటం మానేశాడు.

నేను ఆ ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తాను. పదిహేనేళ్లుగా ఇదే పని. వెంట్రుకవాసి చీలితే హెయిర్‌లైన్, మెలితిరిగి విరిగితే స్పైరల్, ముక్కలుచెక్కలైతే కమిన్యూటెడ్. విరిగిన తీరు చూసి మనిషి ఎలా పడ్డాడో చెప్పేస్తాను. తడి నేల మీద జారితే ఎముక మెలితిరిగి విరుగుతుందని నాకు తెలుసు. అదే కనిపిస్తుందని భయపడుతూనే బటన్ నొక్కాను.

కనిపించలేదు. తొడ ఎముక సుద్దముక్కలా అడ్డంగా విరిగింది. విరిగినచోట చుట్టూ చెదలు తిన్నట్టుంది.

"అత్తయ్యా, పడ్డాక విరిగిందా, విరిగాక పడ్డారా?"

"నువ్వేమన్నా లాయరువా? అడుగేశాను, లోపల టక్కుమంది, పడ్డాను. నేల తడిగా లేకపోతే ఎందుకు పడతాను?"

దీన్ని పాథలాజికల్ ఫ్రాక్చర్ అంటారు. దెబ్బ అక్కర్లేదు. రోగం ఎముకని లోపల తినేశాక మనిషి బరువుకే విరుగుతుంది. పెద్ద డాక్టరు ఫిల్మ్ చూసి, "రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ ఎప్పుడైంది?" అని అడిగాడు. ఆరేళ్లయిందన్నాను. "తిరగబెట్టింది. ఆవిడ ఉండేది ఇంక కొన్ని నెలలే," అన్నాడు.

నా తప్పు లేదు. సిగ్గులేకుండా ఒక్క నిమిషం ప్రాణం తేలికపడింది. ఆ వెంటనే గుర్తొచ్చింది. తొడ లాగుతోందని ఆవిడ రెండు నెలలుగా మొత్తుకుంటే, పని తప్పించుకోడానికి నాటకాలనుకుని ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టాను. ఊళ్లో అందరి ఎముకలూ చూశాను గానీ ఇంట్లో మనిషిది చూడలేదు. ఛీ, నా బతుకు.

మా ఆయనకి చెప్పాను. "అమ్మకి ఇవాళ చెప్పొద్దు," అన్నాడు.

లోపలికి వెళ్లాను.

"ఏమంటోంది నీ ఫోటో? నీ తడి నేలే కదా?"

"అవునత్తయ్యా. ఆరేదాకా ఆగాల్సింది. తప్పు నాదే."

ఆవిడ మొహం విప్పారింది. పన్నెండేళ్ల కాపురంలో నేను ఒప్పుకున్న మొదటి తప్పు అది.

"ఒప్పుకున్నావు, చాలు. కాలు అతుక్కోనీ, నేల ఎలా తుడవాలో నేనే చూపిస్తా," అంది.

అలాగే నేర్పించండి అన్నాను.