పదకొండు రోజులు తక్కువ

నేను ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పాను. పిండానికి గుండె ఎప్పుడు కొట్టుకుంటుందో, ఊపిరితిత్తులు ఎప్పటికి తయారవుతాయో నల్లబల్ల మీద బొమ్మలు వేసి మరీ చెప్పాను. ఇంటికొచ్చాక మాత్రం, ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మా అమ్మ చెప్పిన మాటే నమ్మాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్న సామెత నాలాంటి వాళ్లను చూసే పుట్టి ఉంటుంది. నమ్మి ఊరుకున్నానా అంటే అదీ లేదు, నా కూతురికి కూడా నూరిపోశాను.

నా కూతురు మైథిలి. మొగుడు జయచంద్రది నల్లగొండ. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే. నోయిడా ఎక్స్‌టెన్షన్‌లో పద్నాలుగో అంతస్తులో ఉంటారు. పెళ్లయిన ఏడేళ్లకు కడుపు పండింది, పండితే ఒకేసారి ఇద్దరు. ఆగస్టులో స్కాన్ చేసి, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉంది, ఎప్పుడైనా నొప్పులు రావచ్చు, మంచం దిగొద్దు అన్నారు. మొదటి కాన్పుకి పిల్ల పుట్టింటికి రావాలి. అది రాలేదు కాబట్టి పుట్టిల్లే రెండు సూట్‌కేసులూ ఒక పచ్చడి డబ్బాతో తెనాలిలో రైలెక్కింది.

అప్పట్నుంచి మూడుసార్లు ఆస్పత్రి. సెప్టెంబరులో నాలుగు రోజులు, అక్టోబరులో ఆరు రోజులు, ఇప్పుడు మళ్లీ. సంచి సర్దటం నాకు ఎంత అలవాటైందంటే, కళ్లు మూసుకుని ఛార్జరు ఏ అరలో ఉందో చెప్పగలను. రోగికి తోడు ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరికీ నీలం రంగు పాసు ఒకటి ఇస్తారు. నన్ను రోజుకు పదిసార్లు చూసే గార్డే పదకొండోసారి కూడా "ఆంటీజీ, పాస్" అంటాడు. మొదట్లో వాడితో తగువు పడేదాన్ని. తర్వాత తగువుకి కూడా ఓపిక లేక మెడలో వేసుకుని తిరగటం మొదలుపెట్టాను. అల్లుడైతే ఆఫీసు, ఇల్లు, ఆస్పత్రి మధ్య తిరిగి తిరిగి లిఫ్టులో నిలబడే కునుకు తీస్తున్నాడు. ఒకరోజు మైథిలి గోంగూర అడిగిందని, నలభై కిలోమీటర్ల పొగలో అశోకా రోడ్డులో మన భోజనం దొరికే క్యాంటీను దాకా వెళ్లి పార్సిల్ తెచ్చాడు. అది రెండు ముద్దలు తిని వాంతి చేసుకుంది. అతనే గుడ్డ తెచ్చి నేల తుడిచాడు. ఆ రోజు నుంచి నాకు అల్లుడంటే నోటి చివరి గౌరవం పోయి నిజమైన గౌరవం వచ్చింది.

ఈ ఆస్పత్రిలో నెలలు లేవు, అన్నీ వారాలే. ముప్పై ఒకటి మీద ఐదు, ముప్పై రెండు మీద రెండు అంటారు. నాకు ఆ భాష ఎక్కలేదు. వంటింటి కాలెండర్‌లో ప్రతి నెలా పద్నాలుగో తేదీ చుట్టూ సున్నా చుట్టుకున్నాను. అక్టోబరు పద్నాలుగుతో ఎనిమిదో నెల పడింది. నవంబరు పద్నాలుగుకి తొమ్మిదో నెల. మధ్యలో ఉన్న ముప్పై ఒక్క రోజులూ చల్లగా గడిస్తే చాలనుకున్నాను. మైథిలి మూత్రానికి లేచినప్పుడల్లా గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చి, ఆ కాలెండర్ చూసి వెళ్లేది. దాని భయం ఎక్కడిదో నాకు తెలుసు. అది పుట్టకముందు నాకొక కొడుకు. ఎనిమిదో నెలలో పుట్టి రెండో రోజున పోయాడు. మా ఇంట్లో ఆ సంగతి దాచలేదు. "నీ అన్న ఎనిమిదో నెల వాడు, అందుకని దక్కలేదు" అని నేనే చెప్పి పెంచాను.

నవంబరు మూడో తారీఖు పొద్దున స్కాన్ అయ్యాక డాక్టర్ నేహా మా గదికి వచ్చింది. నలభై దాటని మనిషి, మాట మెత్తన. హిందీ, ఇంగ్లీషు కలిపి ఆమె చెప్పింది ఇదీ. ఇద్దరిలో చిన్న బిడ్డకి రక్తం సరిగ్గా అందటం లేదు. పెరుగుదల ఆగిపోయింది. లోపలే ఉంచితే ఏ గంటకైనా గుండె ఆగవచ్చు. బయటికి తీస్తే ఊపిరికి మిషన్ ఉంది, పాలకు గొట్టం ఉంది, పసిపిల్లల ఐసీయూలో రెండు బెడ్లు పట్టి ఉంచాను. ఈ సాయంత్రమే ఆపరేషన్ చేద్దాం, సంతకం పెట్టండి.

మైథిలి కాగితం ముట్టుకోలేదు.

"పదకొండు రోజులు ఆగుదాం డాక్టర్. ఓన్లీ ఎలెవన్ డేస్. రోజుకి నాలుగు స్కాన్లు చెయ్యండి, కదలకుండా ఇక్కడే పడుంటాను."

"పదకొండే ఎందుకు?" అంది డాక్టర్.

మైథిలి నా వంక చూసింది. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, నలుగురిలో తిట్టు తిని ఊరుకునేదాన్ని. జయచంద్ర మంచం పక్కన మోకాళ్ల మీద కూచుని అరగంట బతిమాలాడు. అది తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి అతను లేచి నా దగ్గరికి వచ్చాడు.

"అత్తమ్మా, జర మీరన్నా చెప్పుండ్రి. నా మాట ఇంటలేదు."

ఏ మొహం పెట్టుకుని చెప్పను? కంచే చేను మేసినట్టు, ఈ మాట దాని బుర్రలో నాటింది నేనే. పైగా, సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు కూడా ఆ పదకొండు రోజులూ కావాలి.

డాక్టర్ నన్ను బయటికి పిలిచింది. వరండాలో మందుల బండి పక్కన నిలబడి, "ఆంటీజీ, ఆమె ఏదో చూసి భయపడుతోంది. ఏమిటది?" అని అడిగింది. నాకు వచ్చిన ముక్కల హిందీలో నా కొడుకు సంగతి చెప్పాను. ఎనిమిదో మహీనా, దో దిన్, ఖతమ్.

"ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు?"

"కహీ నహీ."

"డాక్టర్ ఎవరూ చూడలేదా?"

చూశాడు. ఊళ్లో డాక్టరు చూసి, ఊపిరి ఆడటం లేదు, వెంటనే గుంటూరు తీసుకెళ్లండి అన్నాడు. మా నాన్న చొక్కా వేసుకుని కారు మాట్లాడటానికి బయల్దేరాడు. మా అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఎనిమిదో నెల పిల్లాడు. గుంటూరు తీసుకెళ్లినా ఒకటే, తీసుకెళ్లకపోయినా ఒకటే. బాలింతకి కారులో ఆ తిప్పలెందుకు" అంది. మా నాన్న చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. నేను మంచం మీద ఉన్నాను, మెలకువగానే ఉన్నాను. అప్పటికే నేను బీయస్సీ పాసయినదాన్ని. నేను కూడా ఏమీ అనలేదు.

ఇదంతా తెలుగులో అయితే ఎలాగో ఒకలాగ చెప్పుకునేదాన్ని. తలరాత అనేదాన్ని, దక్కే ప్రాప్తం లేదనేదాన్ని, ఇన్నాళ్లూ అలాగే చెప్పుకున్నాను. నా హిందీకి అంత బలం లేదు. వాడిని ఎక్కడికీ తీసుకెళ్లలేదు అన్న ఒక్క ముక్క చెప్పటానికే అది సరిపోయింది. చెప్పాక నేనే విన్నాను. ఎనిమిదో నెల అని వాడు పోలేదు. ఎనిమిదో నెల అని మేం కదల్లేదు.

డాక్టర్ "అచ్ఛా" అంది. బండి పట్టుకుని నిలబడి, తర్వాత గదిలోకి వెళ్లాను.

ఇప్పుడు మైథిలికి ఈ కథంతా చెప్పి, ఆ మాట తప్పమ్మా అంటే నమ్మదు. ముప్పై నాలుగేళ్లు నమ్మించినదాన్ని, ఒక్క పూటలో ఎలా మానిపిస్తాను? మూఢనమ్మకాన్ని పోగొట్టే టైము లేదు. అందుకని స్కాన్ కవరు వెనక వైపు తిప్పి, అల్లుడి జేబులో పెన్ను లాక్కున్నాను.

"ఇట్టా చూడు. మనం తేదీలు పెట్టి లెక్కేస్తున్నాం. కడుపులో బిడ్డకు తేదీలేం తెలుసు? వారాల లెక్కే అసలు లెక్క. నాలుగు వారాలకు ఒక నెల. నీకిప్పుడు ముప్పై మూడు వారాల మూడు రోజులు. ముప్పై రెండు వారాలకే ఎనిమిది నెలలు నిండినయ్. తొమ్మిదో నెల పడి పది రోజులైందే పిచ్చిదానా!"

మైథిలి కవరు తీసుకుని చూసింది. ఆ పిల్ల పొద్దస్తమానం కంప్యూటర్‌లో అంకెలతో బతికే పిల్ల.

"నెలకి నాలుగు వారాలేనా అమ్మా?"

"నాలుగే."

"నిజంగా?"

"నేను నీకు తప్పు చెప్తానా?"

నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను అందుకుని సంతకం పెట్టింది. జయచంద్ర కాగితం పట్టుకుని నర్సు దగ్గరికి పరుగెత్తాడు.

స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే లిఫ్టు దాకా వెళ్లాను. తలుపు మూసుకోబోతుండగా నా కొంగు పట్టుకుని, "ఆ లెక్క తప్పు కదా?" అంది.

"నోరు మూసుకుని పడుకో."

సరేనన్నట్టు కళ్లు మూసుకుంది. దాని మొహం కొంచెం తేటపడింది. దాని భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, మొత్తంగా నా దగ్గరికి వచ్చి కూచుంది.

పిల్లాడు, పిల్ల పుట్టారు. పిల్లాడు పద్దెనిమిది వందల గ్రాములు. డాక్టర్ చెప్పిన ఆ చిన్న బిడ్డే పిల్ల, పన్నెండు వందల నలభై. ఇద్దరినీ తల్లికి ఒక్క క్షణం చూపించీ చూపించకుండా గుడ్డలో చుట్టి ఐసీయూకి తీసుకుపోయారు. మైథిలికి ఆపరేషన్‌కి పెరిగిన బీపీ దిగలేదు. మంచం దింపొద్దు, ఐసీయూ దాకా తీసుకెళ్లొద్దు అన్నారు. పాలు పిండి ఇస్తే అల్లుడు తీసుకెళ్లేవాడు. మధ్యాహ్నం పది నిమిషాలు నన్ను లోపలికి రానిచ్చేవాళ్లు. ఫోటోలు తీయకూడదు. అందుకని తిరిగి రాగానే మైథిలి నన్ను లాయరులా ప్రశ్నలు అడిగేది.

"పిల్ల ఎట్టా ఉందమ్మా?"

"బాగుంది."

"జుట్టుందా?"

"బోలెడు."

"ముక్కు ఎవరిది?"

"నీదే."

మూడు రోజులూ అన్నీ అబద్ధాలే చెప్పాను. నేను పిల్లను చూడలేదు. పిల్లాడి అద్దాల పెట్టె దగ్గరే పది నిమిషాలూ నిలబడి వచ్చేసేదాన్ని. పిల్ల పెట్టె అవతల మూలన ఉంది, అటు తల తిప్పలేదు. రెండో రోజే నర్సు కనిపెట్టి, "ఆంటీజీ, దూస్‌రీ కో భీ దేఖ్ లో" అంది, రెండోదాన్నీ చూడమని. వినపడనట్టు చేతులు కడుక్కోవటానికి పోయాను. నా కొడుకుని కూడా నేను చూడలేదు. చూస్తే మాయ తగులుకుంటుంది, చూడకు అని మా అమ్మ వాడిని పక్కగదిలో పెట్టింది. వాడు పోయాక కూడా చూపించలేదు. ఇప్పటికీ వాడికి మొహం లేదు. ఆ చూడకపోవటం నాకు బాగా అలవాటైపోయింది.

నాలుగో రోజు పొద్దున జయచంద్ర ఐసీయూ నుంచి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. పిల్ల ఊపిరి ఆపేసిందట. అరికాలు మీద తడితే మళ్లీ అందుకుందట. తెల్లారేసరికి రెండుసార్లు అలా అయిందట. నెలలు నిండని పిల్లలకు ఇది మామూలేనని, మందు ఇస్తున్నామని, నలభై రోజులైనా ఇక్కడే ఉండాల్సి రావచ్చని డాక్టర్లు చెప్పారట. నాకు మాత్రం లోపల్నుంచి మా అమ్మ గొంతే వినిపించింది. చెప్పానా, ఎనిమిదో నెల అని.

మైథిలి ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, దాన్ని చూస్తోంది మన ముగ్గురిలో నువ్వు, ఆయన. ఆయనకు చెప్పటం రాదు. నువ్వు సరిగ్గా చెప్పు. కళ్లు తెరిచిందా? ఎట్టా పడుకుంది? నాకు కళ్ల ముందుకు రావటం లేదు" అంది.

నోట్లోకి ఇంకో అబద్ధం రాలేదు. "నేను చూడలేదే" అన్నాను.

"ఏంది?"

"ఒక్కసారి కూడా చూడలేదు. భయమేసింది. పోతుందేమోనని."

తిడుతుందనుకున్నాను. తిట్టటానికి దానికి ఓపిక ఎక్కడిది? "ఈ పూట వెళ్లి చూసిరా. నేను లేవలేను కదా" అంది.

మధ్యాహ్నం మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గౌను తొడుక్కుని, పిల్లాడి పెట్టె దాటి మూలకు వెళ్లాను. నర్సు స్టూలు జరిపింది. కూర్చుని చూశాను. తలకు టోపీ, ముక్కుకి గొట్టం, ఛాతీకి మూడు తీగలు. కాలు నా బొటనవేలంత. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. జుట్టుందో లేదో టోపీలో తెలియలేదు. నుదురు చిట్లించి, ఎవరి మీదో కోపం వచ్చినట్టు పడుకుంది. ముక్కు మైథిలిది కాదు. ఆ సన్నని కొనముక్కు, ఆ నొసటి విరుపు అచ్చంగా మా అమ్మవి.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. మా అమ్మ పోయి పన్నెండేళ్లయింది.

"ఎనిమిదో నెల పిల్లవే నువ్వు. అబద్ధం చెప్పి తెచ్చాను" అన్నాను పైకే. నర్సుకి తెలుగు రాదు.

పెట్టె పక్కనున్న గుండ్రటి తలుపు తీసి, చెయ్యి పెట్టమని ఆమె సైగ చేసింది. పెట్టాను. వేలందిస్తే పసిపిల్లలు గట్టిగా పట్టుకుంటారని నేనే పాఠం చెప్పేదాన్ని. ఇది పట్టుకోలేదు. దానికి ఊపిరి తీసుకోవటానికే ఓపిక చాలటం లేదు. నేనే దాని చెయ్యి పట్టుకున్నాను.