ఒక బొట్టు, రెండు బొట్లు

నెల్లిమర్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డులో జోగయ్య కార్లు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లలో తన చేతి మీదుగా వెళ్లిన బండి దారిలో కూలబడిందన్న మాట ఎవరి నోటా రాలేదని ఆయన గొప్ప. ఆ గొప్ప రోజుకి రెండుసార్లైనా చెప్పుకోకపోతే ఆయనకి తిన్నది అరగదు. చెప్పుకోనివ్వండి, అబద్ధం కాదు కదా. కానీ పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, దసరా వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం, కంచం ముందు కూర్చున్న ఆ మనిషి కలిపిన ముద్దనే మళ్లీ కలుపుతున్నాడు.

ఆ పొద్దున్నే, ఏళ్లుగా ఆయన దగ్గరికే వచ్చే కృపారావు బాగుచేయించిన తన టాక్సీ తీసుకుని వెళ్లాడు. పన్నెండేళ్ల నాటి ల్యాండ్‌మాస్టరు అది. జాకీ మీద లేపి ముందు చక్రాలు పట్టుకు ఊపితే ముసలాడి పళ్లలా కదిలేవి. చక్రాల్ని పట్టి ఉంచే కింగ్ పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్షులు అరిగి పిండైపోయాయి. జోగయ్య ముందు భాగమంతా విప్పి, అరిగినవన్నీ పారేసి కొత్తవి వేశాడు. పాతవాటిలో తిరిగి ఎక్కించినవి రెండే రెండు, పొడుగాటి ఉక్కు కడ్డీలు. ఆ రకం బండికి ముందు చక్రాల దగ్గర చుట్ట స్ప్రింగులుండవు. చక్రానికొకటి చొప్పున ఈ కడ్డీలే బండి కింద పడుకుని, గతుకు వచ్చినప్పుడల్లా మెలితిరిగి బరువు మోస్తాయి. చూడ్డానికి రెండూ కవలలే. అయితే ఇన్నేళ్లు ఎడమ పక్కన మెలితిరగడం అలవాటైన కడ్డీని కుడి పక్కన బిగిస్తే, ఎదురు మెలిక పడి ఏదో ఒక గతుకు దగ్గర విరుగుతుంది. విరిగిందంటే ఆ పక్కకి బండి కూలబడుతుంది. అందుకని విప్పిన రోజే జోగయ్య సుద్దముక్కతో ఎడమదాని మీద ఒక గీత, కుడిదాని మీద రెండు గీతలు గీసి, రెండింటినీ బల్ల మీద పెట్టాడు.

అంతవరకూ బాగానే ఉంది. పొద్దున్న బండి కదిలి వెళ్తుంటే మాత్రం దాని ముక్కు ఎందుకో కాస్త కిందికి వాలినట్టనిపించింది. కొత్త బుష్షులు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాడు. ఆ అనుకున్నదే ఇప్పుడు అన్నంలో రాయిలా తగులుతోంది.

"ఏటలగ కెలుకుతన్నావు? కూర బాగులేదేటి?" అంది భార్య కూర్మమ్మ.

"బాగానే ఉన్నాది."

"ఈ ఏడు పూజకి నీ ఇనుమంతా మెరిసిపోనాది సూసినావా? ఆ కడ్డీలకైతే జిడ్డు వదల్లేదు. నూతి కాడికి అట్టుకెళ్లి సింతపండెట్టి తోమినాను."

జోగయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

నవమి నాడు ఆయన విజయనగరంలో సామాను కోసం పడిగాపులు పడుతుంటే, ఇక్కడ కూర్మమ్మ షెడ్డులో ఆయుధ పూజ కానిచ్చింది. సుత్తి దగ్గర్నుంచి స్పానర్ల దాకా అన్నిటికీ పసుపు, కుంకుమ. అది ప్రతి ఏడూ ఉన్నదే. దశమి నాడు ఆయన వచ్చి చూస్తే కడ్డీలు రెండూ పసుపు పూసుకుని అదే బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. ఉన్నచోటే పసుపు రాసింది కాబోలు, గీతలు దాని కింద పడిపోయాయనుకుని, ఎడమ పక్కనున్నది ఎడమకి, కుడి పక్కనున్నది కుడికి బిగించాడు. నూతి దాకా వెళ్లి వచ్చాయని ఆయనకేం తెలుసు?

"తోమినాక ఎలగెట్టినావు బల్ల మీద? ఏది ఏ పక్కనెట్టినావు?"

"ఏమో, గురుతు లేదు. నీ గీతలు పోతాయని నాకు తెల్దేటి? ఒక గీత ఉన్నదానికి ఒక బొట్టు, రెండు గీతలున్నదానికి రెండు బొట్లు ఎట్టినాను. సూసుకోలేదేటి?"

సూసుకోలేదు. చూసుకోకపోవడం ఒక్కటే అయితే ఎలాగో సరిపెట్టుకునేవాడు. కిరసనాయిలు గుడ్డ తీసుకుని ఆ బొట్లు శుభ్రంగా తుడిచేశాడు. కృపారావు చర్చికి వెళ్లే మనిషి. తన బండికి బొట్లు పెట్టారని చూస్తే నొచ్చుకుంటాడేమోనన్న మర్యాద కొద్దీ తుడిచాడు. ఎంత మర్యాదో చూశారా.

"నిన్నెవరు ముట్టమన్నారే వాటిని? బుద్ధున్నాదా నీకు? మనుసుల పేణాలు తీస్తావా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. జోగయ్య ఎంగిలిచెయ్యి కడుక్కుని, జాకీ, స్పానర్లు గోనెసంచిలో వేసి, సైకిలు వెనక కట్టుకుని రోడ్డెక్కాడు.

కృపారావు వెళ్లింది రామతీర్థం అవతల వాళ్ల పల్లెకి. అక్కడ తల్లి దానమ్మని ఎక్కించుకుని, అన్నం తిని, సాయంత్రానికల్లా శ్రీకాకుళం చేరాలి. మర్నాడు ఆవిడకి కంటి ఆపరేషను. అంటే ఈపాటికి ముసలావిడ వెనక సీట్లో కూర్చునే ఉంటుంది. ఆ ఆలోచన రాగానే జోగయ్య కాళ్లు మరింత గట్టిగా తొక్కాయి.

తొక్కుతున్నాడే గాని మనసు వెనక్కి లాగుతోంది. తప్పు పడి ఉంటుందని ఏముంది? సగానికి సగం సరిగ్గానే పడి ఉండొచ్చు. ఇప్పుడు పోయి నలుగురిలో చెప్పుకుంటే ముప్పై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది. ఊరుకుంటేనో? దేవుడి దయవల్ల ఏమీ కాకపోవచ్చు. అంతలో రోడ్డు మీద ఒక గతుకు వచ్చి సైకిలు ఎగిరిపడింది. ఈ గతుకు మీదుగానే కదా బండి వెళ్లింది అనుకుని గతుక్కుమన్నాడు. అక్కణ్ణుంచి ప్రతి గుంటనీ చూసుకుంటూ, ప్రతి కల్వర్టు దగ్గరా కిందికి తొంగిచూస్తూ వెళ్లాడు. కింద తుంగ, బురదనీళ్లు తప్ప ఏమీ కనపడనప్పుడల్లా ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

రామతీర్థం దాటాక మలుపులో జనం గుంపు కనిపించింది. గుంపు మధ్య నుంచి నల్లటి కారు పైకప్పు కనపడుతోంది. జోగయ్య సైకిలు దిగి నడిపించుకు వెళ్లాడు గాని, దగ్గరికి వెళ్లడానికి భయమేసింది. అయిపోయింది, దానమ్మత్తని చంపేశాను అనుకున్నాడు.

తీరా చూస్తే బోల్తాపడింది వేరే బండి, కారు కాదు. మిల్లుకి గోగునార తోలుతున్న ఎడ్లబండి ఇరుసు విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది. కట్టలన్నీ చెల్లాచెదురు. కృపారావు కారు దాని వెనక నిక్షేపంలా నిలబడి ఉంది. వెనక సీట్లో దానమ్మ తలుపు తెరుచుకుని తమలపాకు నములుతోంది.

"ఏటి బావా, ఇలగొచ్చినావు?" అన్నాడు కృపారావు ఆశ్చర్యంగా.

"ఏటీ లేదు. ఒక నట్టు బిగించినానో లేదోనని అనుమానం" అని కూశాడు జోగయ్య. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు తనకే సిగ్గేసింది. గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు.

కిరసనాయిలు పైపై పసుపునే తీసింది. కడ్డీ చివర తుప్పు తిన్న గుంటల్లో కుంకుమ అలాగే పట్టుకుని ఉంది. ముందు కుడి పక్క చూశాడు. ఒక్క బొట్టు. ఒక్కటే ఉండాల్సిన ఎడమ పక్క చూశాడు. రెండు బొట్లు. వేలితో తడిమి మళ్లీ చూశాడు. రెండే.

అలాగే కాసేపు పడుకుండిపోయాడు. పైనుంచి దానమ్మ ఎవరితోనో ఆపరేషను సంగతి చెబుతోంది. ఆవిడ కాళ్ల బరువు తన తల మీదే ఉన్నట్టనిపించింది. నట్టు వదులైందని చెప్పి, గుట్టుగా విప్పి మార్చేస్తే ఎవరికీ తెలియదు. కృపారావుకి అసలే తెలియదు. కానీ ఆ గొంతు వింటూ మరో అబద్ధం ఆడడం ఆయన వల్ల కాలేదు.

బయటికి వచ్చి, గోగునార బండివాళ్లు వింటుండగానే మొత్తం చెప్పేశాడు.

కృపారావు వెనక సీటు కేసి చూశాడు. తర్వాత, "మాయమ్మని ఎక్కించినాను బావా ఇందులో" అన్నాడు. గట్టిగా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది జోగయ్యకి.

"మరి ఆ బొట్లు ఎందుకు తుడిసీసినావు?"

"మీరు అలాంటివి ఎట్టుకోరు కదా. నొచ్చుకుంటావేమోనని."

"ఇన్నేళ్లై నీకాడికొస్తన్నాను. నన్నొక్క మాట అడగలేకపోనావా?"

దానమ్మ కారులోంచి తల బయటికి పెట్టింది. "నాకు కళ్లు లేక అగుపడదు. నీకు అగుపడీ తుడిసీసినావు. నీకే ముందు సేయించాల ఆపరేసను" అంది. బండివాళ్లు నవ్వారు. జోగయ్యకి మాత్రం ఏడుపొచ్చింది.

విరిగిన బండి ఎడ్లని విప్పి, కారు మొహం తిప్పి, ల్యాండ్‌మాస్టరు ముందు బంపరుకి తాడు కట్టి, అడుగులో అడుగేయిస్తూ వెనక్కి పల్లెకి లాగించారు. దానమ్మ దిగి పక్కన నడిచింది. వాళ్ల వాకిట్లో జోగయ్య ఒక్కో కడ్డీనే విప్పి, ఇటుది అటు, అటుది ఇటు మార్చి, ప్రతి నట్టునీ మూడుసార్లు చూసుకుని బిగించాడు. కృపారావు స్పానర్లు అందించాడు. పని అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. బండి ముక్కు ఈసారి సమంగా నిలిచింది.

జోగయ్య జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"సుద్ద ఎందుకు, మళ్లీ ఎవరైనా కడిగితే పోతాది" అని కృపారావు డిక్కీలోంచి చిన్న ఎర్రరంగు డబ్బా తెచ్చాడు. బండి నంబరు దిద్దుకునే రంగు అది. "మీయావిడ ఎట్టినట్టే ఎట్టు. ఎడమకి ఒకటి, కుడికి రెండు. ఇక తుడవకు."

పెట్టాడు. పుల్లతో, ఏ పక్కకి ఎన్నో సరిచూసుకుంటూ ఆగి ఆగి పెట్టాడు. ఆ బండి తల్లీకొడుకుల్ని ఎక్కించుకుని శ్రీకాకుళం వైపు కనుమరుగయ్యేదాకా పల్లె మొదట్లో నిలబడ్డాడు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాడు. కూర్మమ్మ గుమ్మంలోనే ఉంది. మధ్యాహ్నం నుంచి ఆవిడా తినలేదని పొయ్యి మీద బోర్లించిన కంచం చెప్పింది.

"ఏటైనాది?"

"తప్పే పడినాది. మార్సినాను. నువ్వెట్టిన బొట్లే లేకపోతే ఏది ఏదో ఆ దేవుడికి కూడా తెలవదు."

కూర్మమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. కాసేపటికి మొగుడి మొహం సూటిగా చూసింది.

"గురుతులెట్టినది నాను. తుడిసినది నువ్వు. మరి నన్నెందుకలగ తిట్టినావు?"

ముప్పై ఏళ్ల గొప్పలున్న మనిషి గుమ్మంలో ఆవిడ పక్కనే కూలబడ్డాడు.

"బయమేసినాదే" అన్నాడు. "బయమేసి తిట్టినాను."